సెప్టిక్ ట్యాంకు – నిండే వరకు వేచి ఉండవద్దు

సంస్థ క్వార్టర్లలో నివసించినంత కాలం మురుగునీటి సంగతి మన దృష్టికి రాదు. ఆ భారాన్ని టౌన్‌షిప్ నిర్వహణ విభాగం వహిస్తుంది. ఉద్యోగ విరమణ నాటికి ఊరి శివారున స్వగృహం నిర్మించుకున్నప్పుడు, భూగర్భ మురుగు కాలువ ఇంకా చేరని ఆ వీధిలో, సెప్టిక్ ట్యాంకు మన సొంత బాధ్యత అవుతుంది. గృహప్రవేశమైన మరునాడే దానిని మరచిపోవడం మనలో చాలామందికి అలవాటు. "పదిహేనేళ్లయింది, ఒక్కసారీ తీయించలేదు" అని గర్వంగా చెప్పుకొనేవారూ ఉన్నారు. అది నిజంగా గర్వించదగిన విషయమేనా?

ట్యాంకులో చేరిన మలినాలలో బరువైనవి అడుగున బురదగా పేరుకుంటాయి. నూనె, కొవ్వు వంటివి పైన తెట్టుగా తేలుతాయి. నడుమ ఉన్న నీరు మాత్రమే ఇంకుడు గుంతకు వెళ్లాలి. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు ఆ బురదను కొంతవరకే జీర్ణం చేయగలవు. మిగిలినది ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. సక్రమంగా పనిచేసే ట్యాంకు ఎల్లప్పుడూ నీటితో నిండే ఉంటుంది కనుక, మనం గమనించవలసినది నీటి మట్టాన్ని కాదు, బురద మందాన్ని. బురద, తెట్టు కలిసి నీటి లోతులో మూడవ వంతుకు చేరితే తీయించవలసిన సమయం వచ్చినట్లే. ఆ తరువాత ఉపేక్షిస్తే మలినాలు ఇంకుడు గుంతలోకి పోయి, నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తాయి.

సాధారణ కుటుంబానికి రెండు, మూడేళ్లకు ఒకసారి తీయించడం మంచిదని మన దేశపు మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో మనుషులు ఎక్కువై, ట్యాంకు చిన్నదైతే ఇంకా ముందే తీయించాలి. పైనీటిని మాత్రమే లాగించి పంపివేస్తే ప్రయోజనం లేదు. అడుగు బురద రావాలి. అయితే సూక్ష్మజీవులు తిరిగి వృద్ధి చెందడానికి సుమారు 25 మిల్లీమీటర్ల బురదను మిగల్చాలి. మరుగుదొడ్డిలో ఫినాయిలు, యాసిడ్ అతిగా పోస్తే అవి నశిస్తాయి.

మరి పదిహేనేళ్లు తీయించని ట్యాంకు మాటేమిటి? చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు పేరిట ఉన్నది అడుగు కట్టని సిమెంటు వరల గుంత మాత్రమే. అందులోని మురుగు నేరుగా భూమిలోకి ఇంకిపోతుంది. అదే ఆవరణలో బోరుబావి ఉంటే ఆ నీటినే మన పిల్లలు తాగుతారు. అటువంటప్పుడు గుంత నిండకపోవడం అదృష్టం కాదు, ప్రమాద సూచన.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ట్యాంకు పొంగి, బంధువులు వచ్చే వేళకు ఇల్లు దుర్వాసనతో నిండినప్పుడు, ఆ తొందరలో ఎవరినో ఒకరిని పిలిచి లోపలికి దించుతాము. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు ఉంటాయి. ప్రాణవాయువు ఉండకపోవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే వాసన పసిగట్టే శక్తే నశిస్తుంది. అందువల్ల వాసన రావడం లేదని ధైర్యపడరాదు. మూత కొంతసేపు తీసి ఉంచినంత మాత్రాన లోపలి గాలి సురక్షితం కాదు. పడిపోయిన వానిని కాపాడబోయి దిగిన రెండవ మనిషీ మరణించిన సంఘటనలు అనేకం.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు పనిలో మరణించినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఎంత పరిహారమైనా పోయిన మనిషిని తిరిగి తేలేదు.

కనుక గడువు రాగానే పంపు, గొట్టం గల ట్యాంకరునే పిలిపిద్దాం. తీసిన వ్యర్థాన్ని శుద్ధి కేంద్రానికి తరలిస్తున్నారో, ఏ చెరువులోనో పారబోస్తున్నారో అడుగుదాం. మూతలపై టైల్స్ పరచి మూసివేయవద్దు. తీయించిన తేదీని ఇంటి పన్ను రసీదుల సంచికలో రాసి ఉంచుదాం. రెండేళ్లకొకసారి గుర్తుంచుకోవలసిన ఈ చిన్న పని మన ఇంటి నీటిని, సాటి మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది.