మీకు తెలుసా? అక్కడ చెల్లిన వీలునామా ఇక్కడ చెల్లకపోవచ్చు

1948 జూన్‌లో కెనడాలోని సస్కాచువాన్ ప్రాంతంలో ఒక రైతు తన పొలంలోనే ట్రాక్టరు కింద ఇరుక్కుపోయాడు. గంటల తరబడి అటు ఎవరూ రాలేదు. జేబులో ఉన్న చిన్న చాకు తీసి, తాను పోతే ఆస్తంతా భార్యకే చెందాలని ట్రాక్టరు మడ్‌గార్డు రేకు మీద గీశాడు. ఆసుపత్రికి చేర్చినా బతకలేదు. ఆ గీతలనే అక్కడి కోర్టు వీలునామాగా ఒప్పుకుంది. ఆ రేకును సస్కాచువాన్ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలో భద్రపరిచారు.

అదే రైతుకు తెనాలి పక్కన ఓ ఎకరం ఉండి ఉంటే? ఆ ఎకరానికి ఆ రాత చెల్లేది కాదు. రాసింది అతనేనని ఊరంతా చెప్పినా సరే, ఇద్దరు సాక్షుల సంతకాలు లేని కాగితాన్ని మన చట్టం సాధారణంగా వీలునామాగా చూడదు.

విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఇల్లు, పొలం, ఫ్లాటు, ప్లాటు లాంటి స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టానికే లోబడి ఉంటుంది. యజమాని డాలస్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా, అక్కడి పౌరసత్వం తీసుకున్నా అంతే. టెక్సస్‌లో పూర్తిగా సొంత చేతిరాతతో రాసిన వీలునామాకు సాక్షులు అక్కర్లేదు. కొలరాడోలో సాక్షులకు బదులు నోటరీ ముందు ఒప్పుకుంటే చాలు. నెవాడా, ఫ్లోరిడా రాష్ట్రాలు ఎలక్ట్రానిక్ వీలునామాను కూడా అనుమతిస్తున్నాయి. అమెరికాలోని ఫ్రిస్కోలో ఉన్న ఇంటికి ఇలాంటివి సరిపోవచ్చు. గుంటూరులోని ఇంటికి సరిపోవు. మన సమాచార సాంకేతిక చట్టం 2000 తన పరిధి నుంచి వీలునామాను పేరు పెట్టి మరీ మినహాయించింది. కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ సంతకంతో ఇక్కడి ఆస్తి ఎవరి పేరుకూ మారదు.

తెల్ల కాగితం చాలు

మరి మన చట్టం అడిగేదేమిటి? నిజానికి చాలా తక్కువ. భారత వారసత్వ చట్టం 1925లోని 63వ సెక్షన్ ప్రకారం రాసిన మనిషి సంతకమో వేలిముద్రో పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు అతను సంతకం చేయడం చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమేనని అతని నోటితో విని ఉండాలి. ఆ ఇద్దరూ అతని సమక్షంలోనే తమ సంతకాలు పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలన్న నియమం కూడా లేదు. లోపల ఏం రాసి ఉందో సాక్షులు చదవనక్కర్లేదు.

స్టాంపు పేపరు అవసరం లేదు, స్టాంపు డ్యూటీ లేదు. లాయరు భాష అక్కర్లేదు, తెలుగులో రాసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చేయించుకుంటే మాత్రం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎప్పుడైనా చేయించుకోవచ్చు, గడువంటూ లేదు. అయితే రిజిస్టరైందన్న ఒక్క కారణంతో వీలునామా రుజువైపోదు. వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాలి. 1872 నాటి సాక్ష్యాధార చట్టం ఇదే చెప్పింది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఇదే చెబుతోంది.

అందుకే సాక్షుల ఎంపిక చిన్న విషయం కాదు. సియాటిల్‌లో పక్కింటాయన, ఆఫీసు సహోద్యోగి సంతకం చేస్తే చట్టం ఒప్పుకుంటుంది. కానీ పాతికేళ్ల తర్వాత వాళ్లెక్కడుంటారో, నరసరావుపేట కోర్టుకు వచ్చి చెప్పగలరో లేదో ఆలోచించండి. మీకంటే వయసులో చిన్నవాళ్లను, ఇక్కడే ఉండేవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను పెట్టుకోండి. రాసిన తర్వాత మధ్యలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే ఆ దిద్దుబాటుకు కూడా మళ్లీ అదే పద్ధతిలో మీ సంతకం, సాక్షుల సంతకాలు కావాలి. కొత్తది రాసుకోవడమే సుఖం.

ఒక్క వాక్యం మొత్తం చెరిపేస్తుంది

ఇది అన్నిటికంటే ముఖ్యం, నిదానంగా చదవండి. ఒకాయన సెలవులకు వచ్చినప్పుడు ఊళ్లోని ఇల్లు భార్యకు, పొలం అమ్మకు రాసి, సాక్షులతో సంతకాలు చేయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కూడా చేయించాడనుకోండి. నాలుగేళ్లకు అమెరికాలో ఇల్లు కొన్నాక అక్కడి లాయరు దగ్గర ఇంకో వీలునామా రాయించుకున్నాడు. అక్కడి నమూనాల్లో దాదాపు ప్రతిదానిలో మొదటి పేరాలోనే ఒక మాట ఉంటుంది: ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను అని. ఇద్దరు సాక్షులతో సక్రమంగా రాసిన రెండో వీలునామాలో ఆ మాట ఉంటే ఊళ్లో రిజిస్టరైన వీలునామా కూడా దానితోనే పోయే ప్రమాదం ఉంది. అక్కడి లాయరుకు ఇక్కడి పొలం సంగతే తెలియకపోవచ్చు. రాయించుకున్నాయనకు ఆ వాక్యం ఎంత పని చేసిందో తట్టకపోవచ్చు.

దీనికి మందు తేలిక. ఏ దేశంలోని ఆస్తికి ఆ దేశంలో చెల్లే వీలునామా విడిగా రాసుకోవాలి, రెండిటిలో ఒకదాని ప్రస్తావన మరొకదానిలో ఉండాలి. ఇక్కడి దానిలో ఇలా రాయొచ్చు: "ఈ వీలునామా భారతదేశంలో ఉన్న నా ఆస్తులకు మాత్రమే వర్తిస్తుంది. ఇతర దేశాల్లోని ఆస్తుల గురించి నేను రాసిన, ఇకముందు రాయబోయే వీలునామాలను ఇది రద్దు చేయదు." అక్కడి దానిలోనూ ఇలాంటి మాటే ఉండేలా చూసుకోండి. అక్కడి లాయరుకు ఇక్కడి కాగితం నకలు ఇవ్వండి, ఇక్కడి లాయరుకు అక్కడిది ఇవ్వండి.

ఒకే వీలునామాతో రెండు దేశాల ఆస్తులనూ సర్దవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కాకపోతే అక్కడి కోర్టులో అది తేలేదాకా ఇక్కడి పని ఆగుతుంది. తేలాక ధ్రువీకరించిన నకలు తెచ్చి, దాని ఆధారంగా ఇక్కడి కోర్టులో మళ్లీ ఉత్తర్వులు అడగాల్సి రావచ్చు. తెలుగు రాష్ట్రాల్లోని ఆస్తికి ఇక్కడే రాసిన హిందువుల వీలునామాకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు. అంత సదుపాయం చేతిలో ఉండగా తిరుగుడెందుకు?

నిప్పంటని పెట్టె

రిజిస్ట్రేషన్ చట్టం 1908లో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని వాడుకునేవాళ్లు అరుదు. వీలునామాను కవరులో పెట్టి, సీలు వేసి, పైన మీ పేరు, లోపలున్నది ఏ పత్రమో రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు. మీరే రానక్కర్లేదు, తగిన అధికారం ఇచ్చిన ప్రతినిధితో పంపవచ్చు. విదేశంలో ఉన్నవాళ్లకు దీనికి మించిన సౌకర్యం ఏముంది? ఆ కవరును రిజిస్ట్రార్ నిప్పంటని పెట్టెలో ఉంచాలని చట్టమే చెబుతోంది. లోపల ఏముందో ఆఫీసు వాళ్లకు కూడా తెలియదు. కావాలంటే బతికుండగా వెనక్కి తీసుకోవచ్చు. పోయిన తర్వాత ఎవరైనా దరఖాస్తు పెడితే వాళ్ల ఎదుటే తెరిచి, నకలు పుస్తకంలోకి ఎక్కించి, అసలు కాగితాన్ని మళ్లీ భద్రపరుస్తారు. అయితే కవరు అక్కడ ఉందన్న సంగతి ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచాలి.

రాయకపోతే ఏమవుతుంది?

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వెళ్తుంది. తండ్రి ఆ మొదటి వరసలో లేడు. పెళ్లికాని కొడుకు అమెరికాలో పోతే ఇక్కడ అతను కొన్న ఫ్లాటు తల్లికి వస్తుంది. తల్లి అప్పటికే లేకపోతేనే తండ్రి వంతు వస్తుంది. అప్పు చేసి కొడుకును చదివించి పంపిన తండ్రికి, రెండు వాక్యాలు రాసి ఉంటే దక్కాల్సింది దక్కకుండా పోతుంది.

ఆడవాళ్ల విషయం ఇంకా కఠినం. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే ఆమె సొంత సంపాదన కూడా ముందు భర్త తరఫు వారసులకు పోతుంది, ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకు. పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుని, పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒకామె ఆస్తి మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో తీర్పు వచ్చింది. ఆస్తి అత్తింటివారి పక్షానికే వెళ్లింది. సానుభూతిని బట్టి చట్టాన్ని మార్చలేమని కోర్టు తేల్చింది. ఇది న్యాయం కాదని నేననుకుంటాను. చట్టం మారేదాకా వీలునామా ఒక్కటే దారి. విదేశంలో సొంత జీతంతో ఇక్కడ ఆస్తులు కొంటున్న ఆడపిల్లలు దీన్ని వాయిదా వేయకూడదు.

పిత్రార్జితం అయితే మీ వాటా వరకే మీరు రాయగలరు, తమ్ముడి వాటాను కలిపి రాసినా అది చెల్లదు. ముస్లింలు సాధారణంగా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు. క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. హిందువులకు ఇక్కడ ఆ నియమం లేదు. కానీ ఇంగ్లండ్, వేల్స్ చట్టంలో ఏ మతం వారికైనా పెళ్లి సాధారణంగా పాత వీలునామాను రద్దు చేస్తుంది.

గల్ఫ్‌లో ఉన్నవారికి

జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు అక్కడ పెద్ద ఆస్తులేమీ ఉండవు. ఉన్నదల్లా ఊళ్లో కట్టుకున్న ఇల్లు, కొనుక్కున్న కాస్త భూమి. దానికి తెల్ల కాగితం మీద ఇద్దరు సాక్షులతో తెలుగులో రాసిన వీలునామా చాలు. సెలవుకు వచ్చినప్పుడు ఊళ్లోనే ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకుంటే మరీ మంచిది. యూఏఈలో ఆస్తి, వ్యాపారం ఉన్న ముస్లిమేతరులు అక్కడ వీలునామా నమోదు చేసుకోవచ్చు. దుబాయ్‌లో ఇందుకోసం 2015 నుంచే ప్రత్యేక కేంద్రం ఉంది. 2023 ఫిబ్రవరి 1 నుంచి అమలవుతున్న అక్కడి చట్టం ప్రకారం వీలునామా లేని ముస్లిమేతరుల ఆస్తిలో సగం భార్యకో భర్తకో, మిగతా సగం పిల్లలకు సమానంగా పోతుంది. అంటే పిల్లలున్నవాళ్లు తల్లిదండ్రులకు ఏమైనా ఇవ్వాలనుకుంటే రాసి తీరాలి.

ఏ దేశంలో ఉన్నా, వీలునామా ఎందుకు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉందిగా అంటారు చాలామంది. బావమరిదికి జీపీఏ ఇచ్చాను, అంతా వాడే చూసుకుంటాడు అంటారు. ఇచ్చిన మనిషి ప్రాణం పోవడంతో మామూలు జీపీఏ కూడా ముగిసిపోతుంది. ఆ తర్వాత దానితో అమ్మకం చేస్తే చిక్కుల్లో పడేది భార్యాపిల్లలే. బ్యాంకు నామినీ సంగతీ ఇంచుమించు అంతే: నామినీ డబ్బు అందుకుంటాడు, హక్కుదారు మాత్రం వారసుడే. ఎల్ఐసీ పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట చెప్పింది (బీమాలో దగ్గరి బంధువులైన నామినీల నిబంధన 2015లో మారింది), షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది. అమెరికాలో 401కె పదవీ విరమణ ఖాతా తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెళ్లయినవారి ఖాతా సాధారణంగా భార్యకో భర్తకో వెళ్తుంది, వాళ్లు రాతపూర్వకంగా వదులుకుంటేనో, పెళ్లికాకపోతేనో ఫారంలో ఎవరి పేరుంటే వాళ్లకే వెళ్తుంది, వీలునామాలో ఇంకేం రాసినా చెల్లదు. ఆ ఫారంలో రాసిన పేరును మీరు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?

పిల్లలు అమెరికా పౌరులైపోయారు, వ్యవసాయ భూమి వాళ్లకు రాయొచ్చా అన్న భయం కూడా వినిపిస్తుంది. ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనలేరు కానీ వారసత్వంగా పొందగలరు. అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి.

చివరగా, ఆస్తి కంటే పెద్ద విషయం. చిన్నపిల్లలున్న దంపతులు విదేశంలో ఒకే కారులో వెళ్తుంటారు. ఇద్దరికీ ఏమైనా అయితే ఆ పిల్లలు ఎవరి చేతుల్లోకి వెళ్తారు? సంరక్షకుల పేరు మీరు రాసి ఉంటే కోర్టు ముందుగా దాన్ని చూస్తుంది. రాయకపోతే అమ్మమ్మ దగ్గరకా, పెదనాన్న దగ్గరకా అన్నది ఆ కుటుంబాన్ని ఎన్నడూ చూడని జడ్జి తేల్చాలి. ఈలోగా పిల్లలు పరాయి ఇంట్లో ఉండాల్సి రావచ్చు. తక్షణం బాధ్యత తీసుకోవడానికి అదే ఊళ్లో ఉండే ఒకరి పేరు, శాశ్వతంగా పెంచడానికి ఇంకొకరి పేరు రాయండి. ముందుగా వాళ్లను అడిగి ఒప్పించండి.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు చుట్టాల ఇళ్లు, గుళ్లు, బట్టల షాపుల మధ్య ఒక్క పూట దీనికి కేటాయించండి. పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు ముందు పెట్టుకుని సర్వే నంబర్లు తప్పు లేకుండా ఎక్కించండి. రెండు దేశాల్లోనూ ఆస్తులు ఎక్కువగా ఉంటే రెండుచోట్లా లాయర్లకు చూపించండి. లేకపోతే కాగితం, కలం, ఇద్దరు సాక్షులు చాలు. వెళ్లే విమానం ఎక్కేలోపు సంతకం పెట్టేయండి.