తాళపుచెవి

వ్రాసి పెట్టినంత మాత్రాన విషయం చిరకాలం మనకు దక్కుతుందా? నిలిచి ఉండడం వేరు, చదవగలగడం వేరు. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని గుంజాల గ్రామం ఇందుకు సాక్ష్యం. అక్కడి గోండుల వద్ద ప్రత్యేక లిపిలోని చేతివ్రాత ప్రతులు తరతరాలుగా పదిలంగా ఉన్నాయి. కాని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చేనాటికి ఆ లిపిని చదవగలిగినవారు కొద్దిమంది పెద్దలే. వారే ఆ నిధికి తాళపుచెవి.

ఎన్‌క్రిప్షన్ చేసిన హార్డ్‌డిస్క్ స్థితి కూడా ఇటువంటిదే. ఎన్‌క్రిప్షన్ అనగా సమాచారాన్ని గణిత పద్ధతిలో గూఢలిపిగా మార్చడం. 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఏ.ఇ.ఎస్. పద్ధతిలో 256 బిట్ల తాళపుచెవిని వాడితే, సాధ్యమయ్యే తాళపుచెవుల సంఖ్య 78 అంకెలది. అన్నింటినీ ప్రయత్నించి చూడడం ఏ కంప్యూటరుకూ శక్యం కాదు.

అటువంటి డిస్కు చెడిపోతే చిక్కులు రెండు. మొదటిది యంత్రానిది. టకటకమని శబ్దం వస్తే వెంటనే విద్యుత్తును ఆపాలి, ఇంట్లో విప్పరాదు. లోపలి ఫలకంపై ధూళికణం పడినా ప్రమాదమే. నిపుణులు ధూళిరహితమైన గదిలో మరమ్మతు చేసి, ఫలకంలోని సమస్తాన్నీ యథాతథంగా మరొక డిస్కులోకి నకలు చేస్తారు. రెండవది తాళపుచెవిది. ఆ నకలు కూడా గూఢలిపిలోనే ఉంటుంది. సంకేతపదం ఉంటేనే విచ్చుకొంటుంది. కొన్ని డిస్కులలో తాళపుచెవికి సంబంధించిన సమాచారం సర్క్యూట్ బోర్డులో ఉంటుంది. కనుక చెడిన బోర్డునైనా పారవేయరాదు.

గుంజాల పెద్దలు తమ లిపిని పిల్లలకు నేర్పారు. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. మనమూ సమాచారానికి రెండు నకళ్ళు ఉంచుకొని, సంకేతపదాన్ని వేరొకచోట భద్రపరచుకోవాలి. నిధిని కాపాడదలచినవారు ముందుగా తాళపుచెవిని కాపాడుకోవాలి.