ప్రెస్సుకెళ్లిన చిలకపచ్చ

పెళ్లికార్డులు, ఓణీల ఫంక్షన్ ఆహ్వానాలు, చీరల దుకాణం కరపత్రాలు... ఇప్పుడు మన ఆడవాళ్లే చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్లోనో, కంప్యూటర్లోనో తయారుచేసేస్తున్నారు. నాలుగు రాళ్లు వస్తున్నాయి, సంతోషమే. కానీ తెరమీద కళకళలాడిన రంగు కాగితం మీదికొచ్చేసరికి వెలవెలబోతుందే, ఆ దిగులే పెద్దది.

మా వీధిలో ఒకమ్మాయి అలాగే కార్డులు చేసిపెడుతుంటుంది. పెళ్లికూతురి చీర చిలకపచ్చ, కార్డూ అదే రంగులో ఉండాలన్నారు. ఫోన్లో చూసుకుని మురిసిపోయారు. తీరా అయిదొందల కార్డులు అచ్చయి వస్తే పాచిపచ్చ! "మీరిచ్చిందే వేశాం" అన్నారు ప్రెస్సువాళ్లు. సగం డబ్బు ఆ పిల్లే పెట్టుకుంది. ముందుగా ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగదా అని నాకు వాళ్లమీదే కోపం.

అసలు సంగతేమిటంటే, తెరది వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడే. వాటినే ఆర్‌జీబీ అంటారు. ఒక్కోదాన్నీ 0 నుంచి 255 దాకా పెంచుతూ తగ్గిస్తూ కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు పుట్టిస్తారు. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు! వినడానికి వింతే.

కాగితానికి సొంత వెలుగెక్కడిది? దానిమీది సిరా, పడ్డ వెలుగులో కొంత మింగేసి మిగిలింది మనకిస్తుంది. నీలిపచ్చ సయాన్, రాణీ రంగుకి దగ్గరగా ఉండే మజెంటా, పసుపు, నలుపు. ఈ నాలుగూ సీఎంవైకే. మొదటి మూడూ కలిపితే నలుపు రావాలి గానీ, బురద గోధుమరంగే వస్తుంది. అందుకే నలుపు విడిగా. రంగుల బొమ్మని భూతద్దంతో చూడండి, ఈ నాలుగు రంగుల చుక్కలే కనిపిస్తాయి.

సిరా ఎంత కలిపినా దీపం కాదు. మెరిసే చిలకపచ్చ, నిగనిగలాడే ఊదా, నిప్పులాంటి నారింజ... ఇవి నాలుగు సిరాలకి అందవు. కాబట్టి అచ్చుకయితే మొదటినుంచీ సీఎంవైకేలోనే పని మొదలుపెట్టండి. అచ్చువేసే కాగితం మీదే ప్రూఫ్ అడగండి. మామూలు కాగితం సిరా పీల్చేసి రంగుని ఇంకా చప్పబరుస్తుంది. ప్రూఫుని ట్యూబులైటు కింద కాదు, చీర కొనేటప్పుడు కొట్టు బయటికి తెచ్చి చూస్తామే, అలా పగటి వెలుగులో చూడండి.

చిలకపచ్చే కావాలని పట్టుబడితే, ముందే కలిపిన ప్రత్యేక సిరాలున్నాయి. 1963లో అమెరికాలో పాంటోన్ సంస్థ ఒక్కో రంగుకీ ఒక నంబరిచ్చి పట్టీ తయారుచేసింది. నంబరు చెబితే చాలు. అయితే ప్లేటు ఒకటి ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

బంగారు రంగుదీ ఇదే తంతు. నాలుగు సిరాలతో వేస్తే ఆవపిండి రంగొస్తుంది. తళుక్కుమనాలంటే లోహపు పొడి కలిపిన సిరా అయినా ఉండాలి, వేడితో అద్దే ఫాయిలైనా ఉండాలి. దాని రేటు బేరం కుదుర్చుకునే రోజే అడిగేయండి.