మర్రినీడన మళ్లీ చిగిర్చిన మరాఠీ చిత్రం

భారతీయ చలనచిత్రానికి పురిటిగడ్డ మహారాష్ట్ర. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర'ను నిర్మించి ప్రదర్శించింది బొంబాయిలోనే. అయినప్పటికీ ఆ గడ్డమీద పుట్టిన మరాఠీ చిత్రం, సొంత ఇంట్లో కాస్త చోటు కోసం దశాబ్దాల తరబడి పెనుగులాడవలసి వచ్చింది. ఇందుకు మూలకారణం ప్రతిభాలోపం కాదు. పక్కనే ఊడలు దిగిన హిందీ చిత్రసీమ.

మన తెలుగు టాకీ కూడా బొంబాయిలోనే కన్ను తెరిచింది. హెచ్.ఎం.రెడ్డి 'భక్త ప్రహ్లాద' 1932లో అక్కడే తయారైంది. కాని తెలుగు చిత్రం అనతికాలంలోనే మద్రాసుకు, దరిమిలా హైదరాబాదుకు తరలి వేరు కాపురం పెట్టుకుంది. మరాఠీ చిత్రానికి ఆ వెసులుబాటు లేదు. హిందీ చిత్రాల రాజధానీ, మహారాష్ట్ర రాజధానీ ఒక్కటే. స్టూడియోలు, నటీనటులు, పెట్టుబడి, థియేటర్లు అన్నీ ఉమ్మడి. పైగా మరాఠీ ప్రేక్షకునికి హిందీ తేలికగా అర్థమవుతుంది. దక్షిణాది చిత్రాలకు భాషే కోటగోడగా నిలిచింది; మరాఠీకి ఆ గోడ లేదు.

మొదట్లో ఈ పొరుగు వరంగానే తోచింది. 1929లో కొల్హాపూర్‌లో వెలసి, 1933లో పూనాకు తరలిన ప్రభాత్ సంస్థ ఒకే కథను మరాఠీలోను, హిందీలోను తీసి రెండు విధాలా లాభపడింది. దామ్లే, ఫత్తేలాల్‌ల 'సంత్ తుకారాం' (1936) బొంబాయిలో ఏడాదికి పైగా ఆడింది. మరుసటి సంవత్సరం వెనిస్ చిత్రోత్సవంలో గుర్తింపు పొందింది. కాని 1942లో శాంతారాం ప్రభాత్ నుంచి వైదొలగారు. క్రమంగా పెట్టుబడి, తారలు హిందీవైపు మొగ్గగా, 1953లో ప్రభాత్ మూతబడింది. ఆ ఏటి చిత్రమే, ఆచార్య అత్రే తీసిన 'శ్యామ్‌చీ ఆయీ', తొలి జాతీయ పురస్కారాలలో రాష్ట్రపతి స్వర్ణపతకం అందుకుంది. అంతటి గౌరవం మరో మరాఠీ చిత్రాన్ని వరించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

ఆ అర్ధశతాబ్దమూ నిర్జీవమని చెప్పలేము. తమాషా కళాకారుల కథలను, దాదా కోండ్కే హాస్యాన్ని పల్లెలు ఆదరించాయి. 1970వ దశకంలో ప్రభుత్వం వినోదపు పన్నును నిర్మాతలకు తిరిగి ఇచ్చే పథకం తెచ్చింది. 1980వ దశకంలో పట్టణపు హాస్యచిత్రాలు కాసులు కురిపించాయి. అయితే గెలిచిన మూసలోనే మళ్లీ మళ్లీ పోయడంతో రుచి చెడింది. ఇంతలో ఇంటింటా టెలివిజన్ వెలిసింది. చదువుకున్న మరాఠీ కుటుంబాలు మంచి కథ కావాలంటే నాటకానికి, కాలక్షేపం కావాలంటే హిందీ సినిమాకు వెళ్లసాగాయి.

చివరికి ఆ నాటకరంగమే సినిమాను ఆదుకుంది. 2004లో సందీప్ సావంత్ తొలి చిత్రం 'శ్వాస్' విడుదలైంది. కంటి కాన్సరు సోకిన మనుమడికి ప్రాణం దక్కాలంటే చూపు పోక తప్పదు. శస్త్రచికిత్సకు ముందు ఆ పసివాడికి లోకాన్ని కళ్లారా చూపించాలని తాత పడే తపనే ఇతివృత్తం. రంగస్థల నటుడు అరుణ్ నలవడే తాత పాత్ర ధరించారు. జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైన ఈ చిత్రం ఆస్కార్ పోటీకి వెళ్లినప్పుడు, అమెరికాలో ప్రచారానికి సామాన్యులు సైతం చందాలిచ్చారు.

తరువాతి వారికి దారి కనిపించింది. రంగస్థలం నుంచే వచ్చిన పరేశ్ మొకాశీ 2009లో 'హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ'లో ఫాల్కే తొలి చిత్రం తీసిన వైనాన్ని నవ్వుతూ చెప్పారు. ఒక జానపద గాయకునిపై విచారణను చిత్రించిన చైతన్య తమ్హాణే 'కోర్ట్' (2014) వెనిస్‌లోను, స్వదేశంలోను పురస్కారాలందుకుంది. నాగరాజ్ మంజులే 'ఫండ్రీ' (2013), 'సైరాట్' (2016) కులపు గాయాన్ని ఊరి యాసలోనే చెప్పాయి. 'సైరాట్' వసూళ్లలో మరాఠీ రికార్డులను తిరగరాసింది. 2018లో హిందీవారే ఆ కథను తీసుకుని 'ధడక్' నిర్మించారు. ఒకనాడు అనుకరణకు గురైన ఇల్లే అరువుకు వచ్చింది!

అయినా మర్రినీడ తొలగిపోలేదు. 2015లో ప్రభుత్వం మల్టీప్లెక్సులు సాయంత్రం ఆటకు మరాఠీ చిత్రం వేయాలని ప్రకటించింది. విమర్శలు చెలరేగడంతో, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది లోపు అని సడలించింది. ఉత్తర్వు తెరను సంపాదించి పెట్టగలదు కాని, కుర్చీలను నింపలేదు. 2023లో కేదార్ శిందే 'బాయిపణ్ భారీ దేవా' వచ్చినప్పుడు వాటిని నింపింది ఉత్తర్వు కాదు. నడివయసు దాటిన ఆరుగురు అక్కచెల్లెళ్ల కథను చూడడానికి మహిళలు చీరలు సింగారించుకుని, గుంపులు గుంపులుగా తరలివచ్చారు. హిందీ తెర చూపని తమ ముఖాన్ని తమ భాషలో చూసుకోవాలన్న ఆ కోరిక ఉన్నంతకాలం, మరాఠీ చిత్రానికి వేళ్లు ఎండవు.