“సూపర్ మామా” అంటే ఫీడ్‌బ్యాక్ కాదు

మన కాలేజీలో ఐడియాలకి కరువు లేదు. హాస్టల్‌లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ఎవరో ఒకరు ఒక యాప్ మీద కూర్చుని ఉంటారు. చూపిస్తే అందరం “సూపర్ మామా, కేక” అంటాం. రిలీజ్ అయ్యాక చూస్తే, కేక అన్నవాళ్ల ఫోన్లలోనే ఆ యాప్ ఉండదు. అబద్ధం చెప్పాలని కాదు, మొహమాటం. కానీ ఆ మొహమాటం వల్ల ఒక సెమిస్టర్ మొత్తం ఎవరికీ అక్కర్లేని పని మీద పోతుంది.

మరి అసలు ఫీడ్‌బ్యాక్ ఎలా ఉంటుంది? నాకు తెలిసిన మంచి ఉదాహరణ రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ గారికి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఒకేచోట చూసే వీలు అప్పట్లో లేదు. ఏజెంట్ల చుట్టూ తిరగాల్సిందే. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు గార్లతో కలిసి ఆయన 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు.

అయితే వాళ్ల మొదటి ఆలోచన టికెట్లు అమ్మడం కాదు. బస్ ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ రాసి ఇద్దామనుకున్నారు. ఆపరేటర్లు పెద్దగా పట్టించుకోలేదు. ఫోన్లు, ఏజెంట్లతో వాళ్ల పని ఎలాగో నడుస్తోంది, కొత్తగా కంప్యూటర్ నేర్చుకోవడం ఎందుకు? దాంతో రూట్ మార్చి, సీట్లు మాకివ్వండి, మేం అమ్మిపెడతాం అన్నారు. ఇందులో ఆపరేటర్ నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, సీటు అమ్ముడుపోతే చాలు. నమ్మకం కుదిరాక ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ కూడా ఇవ్వగలిగారు. 2013లో ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ని కొనేసింది. ప్రాబ్లం మొదటినుంచీ ఒకటే. కస్టమర్ స్పందన చూసి సొల్యూషన్ మాత్రం మార్చుకున్నారు.

ఇదేదో పెద్ద కంపెనీలకే తెలిసిన విద్య అనుకోకండి. మా హాస్టల్ వెనక కర్రీ పాయింట్ ఆంటీ ఎవర్నీ “ఎలా ఉంది బాబూ?” అని అడగదు. అడిగితే అందరం బాగుందనే అంటామని ఆమెకి తెలుసు. రాత్రి షాపు కట్టేసేటప్పుడు ఏ గిన్నెలో కూర మిగిలిందో చూసుకుంటుంది. వరసగా రెండు రోజులు మిగిలిన కూర మూడోరోజు కనిపించదు.

మనం కూడా అడిగే పద్ధతి మార్చుకోవాలి. “ఇలాంటి యాప్ వస్తే వాడతావా?” అంటే ఎవరైనా వాడతాననే అంటారు. దానికి బదులు “లాస్ట్ టైం ఈ ప్రాబ్లం వచ్చినప్పుడు ఏం చేశావ్? ఎంత ఖర్చయింది?” అని అడగండి. జరిగిపోయిన దాని గురించి మొహమాటానికి చెప్పడం కష్టం. రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన ‘ద మామ్ టెస్ట్’ అనే చిన్న పుస్తకం మొత్తం ఈ విషయం గురించే.

అలాగని కస్టమర్ అడిగిన ప్రతి ఫీచరూ పెట్టేయక్కర్లేదు. నొప్పి ఎక్కడో పేషెంట్ చెప్తాడు, మందు రాయాల్సింది డాక్టరే. ఒక్కరు అడిగింది నోట్ చేసుకోండి. పదిమంది ఒకేచోట ఆగిపోతుంటే అక్కడ బాగుచేయండి.

ఈసారి కోడ్ మొదలుపెట్టే ముందు మీ ఫ్రెండ్స్ కాని పదిమందితో మాట్లాడండి. ఆ ప్రాబ్లం కోసం వాళ్లలో ఒక్కరు కూడా ఇప్పటిదాకా టైమో డబ్బో ఖర్చుపెట్టలేదంటే, ఐడియా మార్చుకోవడానికి అదే మంచి టైం.