యంత్రముల బేరసారములు

ఒక ఇంట ఆనపకాయ యన్నదానినే మరియొక ఇంట సొరకాయ యందురు. వంటకు దీనివలన లోటు లేదు. కాని ఆనపకాయ కావలెనని చీటి వ్రాసి, పేరు తప్ప మరేమియు నెరుగని వానిని అంగడికి పంపినచో, బుట్టనిండ సొరకాయలున్నను వాడు వట్టిచేతులతో తిరిగివచ్చును. కంప్యూటర్ల లోకమున ఇట్టి చిక్కు తరచు కలుగుచుండును. దానిని తీర్చుటకు జరిగిన యత్నమును గూర్చి మేమిచ్చట కొంత చెప్పదలచితిమి.

కంప్యూటరును పలువురు పంచుకొనుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున పీడీపీ-1 అను యంత్రముయొక్క కాలమును వేలము ద్వారా పంచుకొనిన తీరును ఐవన్ సదర్లాండ్ 1968లో వివరించెను. 'యెన్' అని పేరు పెట్టిన ఉత్తుత్తి ధనమును, పనుల ప్రాముఖ్యమును బట్టి, కొందరికి హెచ్చుగను కొందరికి తక్కువగను ఇచ్చిరి. హెచ్చు పాట పాడినవారికే ఆ వేళ దక్కెడిది. అచ్చట యంత్రమొక్కటే; పాడువారు మనుష్యులు; గంట యన్న మాటకు అందరికిని అర్థమొక్కటే. కనుక పదములను గూర్చిన తగవు పుట్టలేదు.

తరువాతి కాలమున స్థితి మారినది. యూరపులోని సెర్న్ పరిశోధనాలయపు ప్రయోగఫలితములను పరిశీలించుటకు 40కి పైగా దేశములలోని సుమారు 170 కేంద్రములు తమ కంప్యూటర్లను ఒక వలగా కూర్చినవి. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయు, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రమును అందు చేరియున్నవి. ఇట్టి వలలలో ప్రతి పనికిని మనిషి కూర్చుండి బేరమాడజాలడు.

అందుకొరకు పుట్టినదే 'సాఫ్ట్‌వేర్ ఏజెంటు' అను భావము. యజమాని విధించిన హద్దులలో, అతడు దగ్గర లేకున్నను, అతని పక్షమున నిర్ణయములు చేయు ప్రోగ్రాము ఇది. 1980లో రీడ్ స్మిత్ చూపిన పద్ధతిలో పని కలవాడు చాటింపు వేయును. ఖాళీగా నున్న యంత్రములు తమ షరతులను తెలుపును. మేలైనదానికి పని ఒప్పగింపబడును. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1988 నుండి నడచిన 'కాండర్' అను ఏర్పాటు పెండ్లి సంబంధములు కుదుర్చు మధ్యవర్తిని బోలినది. పని తనకేమి కావలెనో చెప్పును. యంత్రము తానేమి ఈయగలదో, ఎవరి పనులకు ఒప్పుకొనదో చెప్పును. మధ్యవర్తి జత కూర్చి తప్పుకొనును. తుది మాట ఆ రెండు పక్షములదే.

అయితే ఇరుపక్షముల మాటలును కలియవలెను గదా! యూనిక్స్ గల యంత్రము కావలెనని పని అడిగినది. ఒక యంత్రము తనవద్ద 'సన్ ఓఎస్' కలదని మాత్రమే చెప్పినది. అదియు యూనిక్స్ జాతిలోనిదే యని మనమెరుగుదుము. అక్షరములను మాత్రమే పోల్చు మధ్యవర్తి ఎరుగడు. పని కాచుకొనియుండును, యంత్రము ఊరక యుండును.

దీనికంటె చెడ్డది మాట ఒకటై అర్థములు రెండగుట. గిగాబైటనగా 100 కోట్ల బైట్లని కొందరును, 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లని కొందరును లెక్కింతురు. రెండవదానికి 'గిబిబైట్' అను వేరు పేరును అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో నిర్ణయించినను పాత వాడుక పూర్తిగా పోలేదు. ఇచ్చిన చోటు చాలక పని నడుమ నిలిచిపోయినచో తప్పెవరిది? ఇరువురును నిజమే పలికిరి.

ఇచ్చట 'ఆంటాలజీ' అక్కరకు వచ్చును. తత్త్వశాస్త్రమునుండి వచ్చిన ఈ మాటకు కంప్యూటరు శాస్త్రమున 1993లో టామ్ గ్రూబర్ ఇచ్చిన నిర్వచనము ప్రసిద్ధము. సులభముగా చెప్పవలెనన్న, ఒక రంగమున ఏయే వస్తువులు కలవో, ఏది దేని జాతిలోనిదో, ఏ కొలత దేనికి సరియో యంత్రము చదువగల రీతిని వ్రాసికొన్న ఒడంబడిక ఇది. నిఘంటువు మనుష్యులకు అర్థము చెప్పును. దీని సాయమున యంత్రమే తర్కించి, సన్ ఓఎస్ కూడ యూనిక్సేయని తెలిసికొనును. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ఇట్టి మధ్యవర్తిని రచించి చూపిరి. 1996లో ఏర్పడిన 'ఫిపా' సంస్థ ఏజెంట్ల సందేశములకు నిర్ణయించిన నమూనాలో, ఏ ఆంటాలజీ ననుసరించి మాటలాడుచున్నదో తెలుపుటకు ప్రత్యేకముగా ఒక గడియే కలదు. బేరమునకు ముందు మాటల అర్థము తేల్చుకొనుటయే దాని ఉద్దేశము.

ఇంతమాత్రమున చిక్కులన్నియు తీరినవని మేమనము. ఏజెంట్ల బేరములు పరిశోధనలలో సాగినంతగా వాడుకలో సాగలేదు. సెర్న్ వలలో సైతము ఏ కేంద్రమెంత శక్తి నీయవలెనో సంస్థలే ముందుగా వ్రాతమూలకముగ మాట ఇచ్చుకొనును. ఆంటాలజీని వ్రాయువారును మనుష్యులే. వారు మరచినది యంత్రమునకు తెలియదు. అర్థము కుదిరిన పిమ్మటను, ఎవరి పని ముందు, ఎవరి పని వెనుక యను ప్రశ్న నిలిచియే యుండును. హార్వర్డులో ఎవరికెన్ని యెన్‌లో నిర్ణయించినది యంత్రము కాదు. ఆ భారము నేటికిని మనదే.