స్క్రిప్టులయందు ఆదేశము, అనువృత్తి

డేటాబేసును ప్రశ్నించి సమాధానము రప్పించు వాక్యసముదాయమునకు స్క్రిప్టని పేరు. దాని నర్థము చేసికొని నడుపునది ఇంజను. ఇంజను మాఱినపుడు స్క్రిప్టునందలి పేరులు మాత్రము మార్చినఁ జాలునా?

2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7తోఁగూడ జెండ్ ఇంజను మూఁడవ రూపము వచ్చెను. అందు 'మైఎస్‌క్యూఎల్_క్వెరీ' తొలఁగింపఁబడెను. దాని స్థానమున, అంతకుముందే యున్న 'మైఎస్‌క్యూఎల్ఐ_క్వెరీ'ని వాడవలసివచ్చెను. ఇది యాదేశమువంటిదే. కాని స్థానివద్భావ మిచ్చట వర్తింపదు. పూర్వపుది ప్రశ్నను ముందు గ్రహించెడిది; డేటాబేసుతోడి సంబంధమును జెప్పకున్నను, కడపటఁ దెఱచిన సంబంధమే యనువృత్తిచే వచ్చెడిది. క్రొత్తది సంబంధమును ముందుగా, స్పష్టముగాఁ గోరును. ప్రశ్న దాని తరువాతిది.

బాన్సువాడలో నొక పాఠశాలయందలి విద్యార్థుల పట్టిక యిట్టి స్క్రిప్టుచే నడచుచున్న దనుకొందము. పేరు మార్చి క్రమము మార్చనిచో పీహెచ్‌పీ 7 హెచ్చరించి ముందునకు సాగును. హెచ్చరికలు కనఁబడకుండఁ జేసియున్నచో ఫలితము శూన్యముగాఁ దోఁచును. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 అట్టి తప్పున కచ్చటనే నిలిచిపోవును, అదియే మేలు. శూన్యమును జూచి విద్యార్థుల పేరులు నశించినవని తలఁచి పట్టికను మరల వ్రాయఁబూనుట యనర్థహేతువు. పట్టిక చెడలేదు, ప్రశ్నయే చెడినది. కావున ప్రతి ప్రశ్నకును సంబంధ మెక్కడినుండి యనువర్తించుచున్నదో మొదట నిర్ణయించి, పిదప పేరు మార్చుట యుక్తము.